ఫొటో వెతకాలా, ఊరికి ఫోన్ చేయాలా?

పర్లాకిమిడిలో తుఫాను రోజుల్లో పుకార్లే ముందొస్తాయి. వాట్సాప్‌లో రెండు బాణాల గుర్తుంటే ఆ మెసేజ్ కనీసం ఐదు చేతులు మారినట్టు. అంతమాత్రాన అబద్ధమని కాదు.

వరద ఫొటో వస్తే, అదే ఫొటో ఇంతకుముందు ఏ వెబ్ పేజీల్లో వచ్చిందో వెతికిపెట్టే గూగుల్ లెన్స్ మేలు. 2018 తిత్లీ తుఫాను నాటి ఫొటోను ఈరోజుదని పంపితే, పాత పేజీల తేదీలు చాలాసార్లు పట్టిస్తాయి. ఆడియోకి అది పనికిరాదు. "మహేంద్రతనయ నది గట్టు తెగింది" అనే గొంతుకి ఊరూ పేరూ ఉండవు. అప్పుడు ఆ దగ్గర్లో ఉన్న చుట్టానికి ఫోన్ చేయడమే నయం. "నువ్వు కళ్లారా చూశావా?" అని అడగాలి. ఎవరో అన్నారంటే అదీ పుకారే.

పిల్లల్ని ఎత్తుకుపోతున్నారన్న మెసేజ్ అయితే నేను రెండూ చేస్తాను, 112కీ చెబుతాను. 2018 జులై 1న మహారాష్ట్రలోని రైన్‌పాడాలో ఆ పుకారు నమ్మి ఐదుగురిని కొట్టి చంపేశారు.