కెమెరాతో కలిపి "120 స్కానర్" అంటగడుతున్నారు, డబ్బు పంపే ముందు చూసుకోండి

"ఫుల్ మీడియం ఫార్మాట్ సెట్, ఇంట్లోనే స్కాన్ చేసుకోవచ్చు" అంటూ సెకండ్ హ్యాండ్ ఫిల్మ్ కెమెరా (మామూలు 35 ఎంఎం కన్నా వెడల్పైన 120 ఫిల్మ్ వాడేది), స్కానర్ కలిపి అమ్మే లిస్టింగ్ కనపడితే వెంటనే అడ్వాన్స్ కొట్టేయకండి. నాకు అలాంటి సెట్టే వచ్చింది. 6×6 కెమెరా (చదరపు ఫొటోలు తీసేది), రెండు ఫిల్మ్ బ్యాకులు (ఫిల్మ్ రోల్ పెట్టి కెమెరా వెనక తగిలించే డబ్బాలు), ఒక ఫ్లాట్‌బెడ్ స్కానర్. ఫోన్లో గుచ్చి గుచ్చి అడిగాను, "120 కూడా వచ్చేస్తుంది సార్, 4800 డీపీఐ" అన్నాడు అమ్మేతను. డీపీఐ అంటే అంగుళానికి ఎన్ని చుక్కలు చదువుతుందో ఆ లెక్క.

పార్సిల్ విప్పితే ఎప్సన్ వీ370. దాని మూతలో ఉండే లైటు 35 ఎంఎం ఫిల్మ్ వెడల్పుకి సరిపడే పట్టీ మాత్రమే, 120 నెగటివ్ పెడితే మధ్యలో ఓ ముక్క వస్తుంది, మిగతాది రాదు. స్కానర్‌ని అనడానికేం లేదు, అది 35 ఎంఎం కోసం చేసిందే. 120 కావాలంటే వీ550, వీ600, లేదా ఆ పైన వీ700, వీ800, వీ850 లాంటివి చూడాలి. మూత మూసి తీసిన ఫొటోలో వీ370కీ వీ600కీ తేడా కొత్తవాళ్లకి తెలియదు, ఆ లిస్టింగ్‌లో ఉన్న ఫొటోలన్నీ అలాంటివే! అందుకే మూత తెరిచి, లోపలి తెల్ల మ్యాట్ తీసేసి, లైటు వెలుగుతుండగా ఫొటో పంపమనండి. మోడల్ నంబరు స్టిక్కర్ కూడా.

120 హోల్డర్ (స్కానర్‌లో నెగటివ్‌ని పట్టి ఉంచే ఫ్రేము) ఉందా అని విడిగా అడగండి. పాత స్కానర్లతో ముందు పోయేది అదే. అది లేకుండా నెగటివ్‌ని నేరుగా గాజు మీద పెడితే, ఫిల్మ్ తగిలిన చోటల్లా నీళ్ల మీద పెట్రోలు చుక్క పడ్డట్టు రంగు వలయాలు వస్తాయి, ఫోకస్ కూడా కుదరకపోవచ్చు.

బ్యాకుల సంగతి ఇంకో తలనొప్పి. రెండిట్లో ఒకటి 220 ఫిల్మ్‌కి చేసిన బ్యాక్. ఆ ఫిల్మ్‌కి వెనకాల పొడవునా కాగితం ఉండదు, 6×6లో 24 ఫొటోలు వచ్చేవి, ఇప్పుడు పెద్ద కంపెనీలేవీ తయారు చేయట్లేదు. కాబట్టి దానికి 120 బ్యాక్ ధర ఇవ్వడం దండగ. రెండోది 120దే గానీ ఫ్రేముల మధ్య ఖాళీ సమంగా రావట్లేదు, రెండు చోట్ల ఒక ఫొటో మీదికి ఇంకోటి ఎక్కింది. ఇక స్కానింగ్ సాఫ్ట్‌వేర్ ఫ్రేము ఎక్కడ మొదలైందో పట్టుకోలేదు, ప్రతిదీ చేత్తో క్రాప్ చేసుకోవాలి, స్ట్రిప్ కోయాలంటే ఏదో ఒక ఫొటో అంచు పోగొట్టుకోవాలి. రోల్‌కి వచ్చేవే 12 ఫొటోలు మరి. ఆ బ్యాక్‌తో తీసి డెవలప్ చేసిన, కోయని రోల్ మొత్తం ఫొటో అడిగి తీసుకోండి, "సర్వీస్ అయింది" అన్న మాట చాలదు.

డీపీఐ అంకెలు చూసి మోసపోకండి. వీ600 పెట్టె మీద 6400 ఉంటుంది, కానీ నిజంగా దిగే డీటెయిల్ సుమారు 1500–1600 దగ్గర ఆగిపోతుంది. 6×6 ఫ్రేము వైపు 56 ఎంఎం, అంటే దాదాపు 2.2 అంగుళాలు, లెక్కేస్తే 3400 పిక్సెల్స్ చిల్లర. పదకొండు అంగుళాల ప్రింట్‌కి హాయిగా సరిపోతుంది, కానీ 6400లో స్కాన్ చేస్తే హార్డ్ డిస్క్ నిండటం తప్ప ఒరిగేదేం లేదు. ఫుల్ ఫ్రేమ్ డిజిటల్ కెమెరా, మాక్రో లెన్స్ (బాగా దగ్గర్నుంచి తీసేది) ఇప్పటికే ఉన్నవాళ్లు దాంతోనే నెగటివ్‌ని ఫొటో తీసుకోవచ్చు, అసలు స్కానర్ జోలికి పోనక్కర్లేదు. 6×6కి 1:2 మాక్రో (సగం సైజు దాకా చూపేది) చాలు, 24 మెగాపిక్సెల్ బాడీతో ఒక్క షాట్‌లో 16 మెగాపిక్సెల్స్ దాకా వస్తాయి, మంచి లైట్ ప్యానెల్, ఫిల్మ్‌ని చదునుగా పట్టే హోల్డర్ ఉండాలంతే. ల్యాబ్‌కే ఇచ్చేటట్టయితే 120 స్కాన్ చేస్తారా, ఫైలు ఎన్ని పిక్సెల్స్ ఇస్తారు అని కెమెరా కొనకముందే కనుక్కోండి.

అమ్మినతన్ని అడిగితే "మీరు చూసుకుని తీసుకోవాలి కదా సార్" అన్నాడు, తర్వాత బ్లాక్ చేశాడు. చాట్ స్క్రీన్‌షాట్లన్నీ దాచాను, కంప్లయింట్ పెట్టాను, ఇంకా ఏమీ తేలలేదు. కెమెరా ఒక్కదానికే రేటు చెప్పమని అడిగి చూడండి, స్కానర్‌తో కలిపితేనే ఇస్తానంటే అక్కడే అనుమానించాలి. నాకు పంపిన సెట్ ఫొటోలతోనే ఆ లిస్టింగ్ ఇంకా అలాగే ఉంది.