మూడు స్టోర్ల ఫ్రాంచైజీ డీల్‌కి మా టెరిటరీ చూసిపెట్టిన లాయర్ సర్వీస్: 5కి 4

డల్లాస్‌కి ఉత్తరాన ఫ్రిస్కో, లిటిల్ ఎల్మ్, ప్రాస్పర్ వైపు బిర్యానీ సెంటరో టిఫిన్ చైనో ఫ్రాంచైజీ తీసుకుందామని చూస్తున్నవాళ్లు మనవాళ్లలో చాలామంది ఉన్నారు. ఒకేసారి రెండు మూడు స్టోర్లకి సంతకం పెట్టబోయేవాళ్లయితే ఇది తప్పకుండా చదవండి. ఈ రివ్యూ రెస్టారెంట్‌కి కాదు, అగ్రిమెంట్‌లో టెరిటరీ (మన స్టోర్‌కి కేటాయించే ఏరియా) భాగం చదివి, మ్యాప్ మీద గీసి చూపించి, కంపెనీతో మాట్లాడిపెట్టే ఒక ఫ్రాంచైజీ లాయర్‌కి.

మొదటి స్టోర్‌కి మేం లాయర్ని పెట్టుకోలేదు. "మీ స్టోర్ చుట్టూ 3 మైళ్లు మీదే" అని సేల్స్ అతను చెప్పాడు, మా బావమరిది "ఇంకేం ఆలోచిస్తావ్ బావా, లొకేషన్ బాగుంది, పెట్టేద్దాం" అన్నాడు, పెట్టేశాం. 3 మైళ్ల సర్కిల్ అంటే దాదాపు 28 చదరపు మైళ్లు, వింటే ఊరంతా మనదే అనిపిస్తుంది. కానీ మా స్టోర్ ఉన్నది లిటిల్ ఎల్మ్‌లో, లూయిస్‌విల్ లేక్ పక్కన. తర్వాత గీసి చూస్తే ఆ సర్కిల్‌లో మూడో వంతు నీళ్లే. లేక్ అవతలి ఒడ్డున ఇంకో ముక్క ఉంది, అక్కడివాళ్లు మా దగ్గరికి రావాలంటే టోల్ కట్టి బ్రిడ్జి దాటాలి. మాకు నిజంగా గిరాకీ వచ్చే ఫ్రిస్కో కాలనీలేమో 4 మైళ్ల దూరంలో, సర్కిల్ బయట ఉన్నాయి.

అదైనా సర్దుకున్నాం. ఏడాది తిరక్కుండానే కంపెనీ (పేరు రాయను) మా స్టోర్‌కి 2 మైళ్లలో ఒక క్లౌడ్ కిచెన్‌లో (కూర్చుని తినే చోటు లేకుండా డెలివరీకి మాత్రమే వండే కిచెన్) మా మెనూనే పెట్టింది. శుక్రవారం రాత్రి డోర్‌డాష్ డెలివరీ యాప్ తెరిస్తే అదే లోగో, అదే ఫ్యామిలీ ప్యాక్ రెండుసార్లు కనిపించేది, అందులో ఒకటి మాది కాదు. ఫోన్ చేసి అడిగితే అగ్రిమెంట్‌లో ఒక లైన్ చూపించారు. కూర్చుని తినే రెస్టారెంట్ ఇంకోటి పెట్టబోమనే రాశారట, డెలివరీ కిచెన్ దాని కిందికి రాదట. ఆ నెలల్లో పడ్డ టెన్షన్ మా ఇంట్లో ఇప్పటికీ ఎవరూ మర్చిపోలేదు.

అందుకే ఇంకో చైన్‌తో మూడు స్టోర్ల ఏరియా డెవలప్‌మెంట్ డీల్ (ఒక ఏరియాలో గడువుల ప్రకారం ఇన్ని స్టోర్లు తెరుస్తామనే ఒప్పందం) మాట్లాడుకున్నప్పుడు ముందే ఈ లాయర్ దగ్గరికి వెళ్లాం. ఆయన మొదట తెరిచింది ఫ్రాంచైజీ డిస్‌క్లోజర్ డాక్యుమెంట్‌లో (సంతకానికి ముందు కంపెనీ మనకి ఇవ్వాల్సిన వివరాల పత్రం) 12వ ఐటెమ్. టెరిటరీ సంగతంతా అక్కడే ఉంటుంది. ఎక్స్‌క్లూజివ్ టెరిటరీ, అంటే పూర్తిగా మనకొక్కరికే ఏరియా, ఇవ్వకపోతే ఆ మాట సూటిగా రాయాలని, వేరే ఫ్రాంచైజీల నుంచి, కంపెనీ సొంత స్టోర్ల నుంచి, వేరే అమ్మకపు మార్గాల నుంచి పోటీ ఉండొచ్చని కూడా చెప్పాలని ఫెడరల్ రూల్ ఉంది. మా మొదటి డాక్యుమెంట్ తెచ్చి చూపిస్తే అందులో ఆ వాక్యం ఉంది! మేమే చదవలేదు.

తర్వాత మ్యాప్. కొత్త కంపెనీ జిప్ కోడ్ల లిస్టు ఇచ్చింది. జిప్ కోడ్ పోస్టాఫీసు తన పనికోసం పెట్టుకున్నది, ఊరు పెరిగితే విడదీస్తారు అని ఆయన చెప్పాడు. ఫ్రిస్కోలో 75034ని విడదీసి 75036 పెట్టింది అలాగే. 2010లో ఫ్రిస్కో జనాభా లక్షా 17 వేలు, 2020కి 2 లక్షలు దాటింది, ఇలాంటి చోట జిప్ నంబర్లు నమ్ముకుని పదేళ్ల అగ్రిమెంట్ రాసుకోవడం ఎంత రిస్కో మాకు అప్పుడు అర్థమైంది. ఆయన ఆ లిస్టు తీయించి రోడ్ల పేర్లతో హద్దులు రాయించాడు: దక్షిణాన ఫలానా పార్క్‌వే, తూర్పున ప్రెస్టన్ రోడ్, ఉత్తరాన 380 హైవే. పొలం దస్తావేజులో నాలుగు దిక్కులా సరిహద్దులు రాసినట్టే ఉంటుంది. గీసిన మ్యాప్‌ని అగ్రిమెంట్‌కి జతపరిచి రెండు పక్షాల చేతా ఇనీషియల్స్ పెట్టించాడు.

నాకు అన్నిటికంటే విలువైనది మినహాయింపుల లిస్టు మీద ఆయన చేసిన పని. ఎయిర్‌పోర్టు, స్టేడియం, యూనివర్సిటీ లాంటివి కంపెనీలు తమ దగ్గరే ఉంచుకుంటాయి, ఈ కంపెనీ కూడా వాటిని వదల్లేదు. డెలివరీ కిచెన్, ఫుడ్ ట్రక్ మాత్రం మా హద్దుల్లో మమ్మల్ని అడక్కుండా పెట్టకూడదని రాయించాడు. ఓపెనింగ్ షెడ్యూల్ కూడా మార్పించాడు. మొదటి డ్రాఫ్ట్‌లో మూడో స్టోర్ గడువు దాటితే మొత్తం టెరిటరీ పోతుంది, నడుస్తున్న రెండింటి చుట్టూ కూడా. ఇప్పుడు తెరిచిన స్టోర్ల హద్దులకి ఢోకా లేదు, సిటీ పర్మిట్ ఆలస్యమైతే గడువు పెరుగుతుంది.

అసలు టెరిటరీ ఇవ్వని పెద్ద చైన్లూ ఉన్నాయి, మెక్‌డొనాల్డ్స్ ఇక్కడ ఇచ్చేది ఆ ఒక్క లొకేషన్‌కే. సబ్‌వే అమెరికాలో 27 వేల స్టోర్ల దాకా వెళ్లి, ఒకదాని గిరాకీ ఇంకొకటి తినేసి, తర్వాత వేల సంఖ్యలో మూసుకుంది. ఇండియాలో మా చుట్టాలు అడుగుతుంటారు, అక్కడ మెక్‌డొనాల్డ్స్‌కి పడమర, దక్షిణం ఒక కంపెనీకి, ఉత్తరం, తూర్పు ఇంకో కంపెనీకి ఉన్నాయి కదా, మీకూ అలా రాష్ట్రం మొత్తం ఇవ్వరా అని. మనలాంటి రెండు మూడు స్టోర్లవాళ్లకి ఒక్కో వీధీ లెక్కే.

ఒక స్టార్ ఎందుకు తగ్గించానంటే, ఆయన ఫోన్ ఎత్తడు, మెయిల్‌కి మూడు నాలుగు రోజులు పడుతుంది. డిస్‌క్లోజర్ డాక్యుమెంట్ చేతికొచ్చాక సంతకానికి చట్టప్రకారం కనీసం 14 రోజులు ఆగాలి, ఆ రోజుల్లోనే పనంతా అయిపోవాలనుకుంటే కష్టం, కాబట్టి డాక్యుమెంట్ రాగానే పంపించేయండి. లీజు విషయంలో ఆయనకి అంత పట్టు లేదు, దానికి వేరే మనిషిని పెట్టుకున్నాం. 20వ ఐటెమ్‌లో పాత, ఇప్పటి ఫ్రాంచైజీల ఫోన్ నంబర్లు ఉంటాయి, వాళ్లకి మీరే ఫోన్ చేయండి అన్నాడు. నేను ఐదుగురికి చేశాను, చైన్ వదిలేసి వెళ్లినాయన గంటసేపు మాట్లాడాడు, డెలివరీ కిచెన్ గురించి మేం అంత గట్టిగా పట్టుబట్టింది ఆయన మాటలు విన్నాకే.

ఫీజు గంటల లెక్క కాదు, మొత్తానికి ఒకటే రేటు, ముందే చెప్పాడు, తర్వాత పెంచలేదు. రెండో స్టోర్‌కి లీజు అయింది. లాయర్ వివరాలు కావాలంటే మెసేజ్ పెట్టండి, పంపిస్తాను.