నా పాత డెస్క్‌టాప్ చేసిన రెండు చప్పుళ్లు

ఈ డెస్క్‌టాప్‌లో నాకు అన్నిటికంటే ఇష్టమైనది దాని పక్క మూత. వెనక రెండు స్క్రూలు చేత్తో తిప్పితే చాలు, మూత జారి చేతిలోకి వస్తుంది, లోపలున్నదంతా కళ్లముందు ఉంటుంది. 2013లో ఖమ్మంలో అసెంబుల్ చేయించుకున్నాను. ప్రాసెసర్ ఇంటెల్ మూడో తరం ఐ5. మిగతా వివరాలు ఆ కాలంలో కొన్నవాళ్లందరికీ తెలిసినవే. పెళ్లి కార్డులు, కరపత్రాలు, బడుల ప్రోగ్రెస్ కార్డులు... పేజీలు కూర్చే పేజ్‌మేకర్‌ సాఫ్ట్‌వేర్‌లో, అను తెలుగు ఫాంట్లతో రోజుకు పది గంటలు దీనిమీదే నా పని.

మొన్న జనవరిలో ఒకరోజు పొద్దున్నే స్విచ్ వేయగానే గుర్రుమని చప్పుడు మొదలైంది, దూరంగా పిండిమర ఆడుతున్నట్టు. పావుగంటకు దానంతటదే తగ్గిపోయింది. మర్నాడూ అంతే. మధ్యాహ్నం షాపుకు మోసుకెళ్తే అక్కడ చప్పుడే రాలేదు. అతను మూత కూడా తీయకుండా "మదర్‌బోర్డు పోయేలా ఉంది సార్, కొత్తది తీసుకోండి" అన్నాడు. ఆ మాటకు నాకు బాధ కలిగింది. మదర్‌బోర్డు అంటే అన్ని భాగాలనూ కలిపే పెద్ద సర్క్యూట్ పలక, అందులో తిరిగే భాగమే లేదు, అది గుర్రుమనడమేమిటి? మా డబ్బాలో తిరిగేవి నాలుగే: ప్రాసెసర్ మీది ఫ్యాను, వెనక ఫ్యాను, ఎస్‌ఎంపీఎస్ (లోపలి భాగాలకు కరెంటు అందించే పెట్టె) ఫ్యాను, హార్డ్ డిస్కు.

మర్నాడు పొద్దున మూత తీసి, మిగిలిపోయిన పెళ్లి కార్డు అట్టను గొట్టంలా చుట్టాను. ఒక కొస చెవికి ఆనించి, రెండో కొస ఏ రెక్కకూ వైరుకూ తగలకుండా ఒక్కోదాని దగ్గరా పెట్టి విన్నాను. వెనక ఫ్యాను దగ్గర చెవి అదిరిపోయింది. అయినా రూఢి చేసుకోవాలి కదా. ప్లగ్గు పీకేసి, ఆ ఫ్యాను వైరు మాత్రం ఊడదీసి మళ్లీ ఆన్ చేశాను. నిశ్శబ్దం. చవక ఫ్యాన్ల బేరింగులో నూనె ఏళ్ల తరబడి ఎండిపోతుంది, మిగిలింది చలికి చిక్కబడుతుంది. కాసేపు తిరిగి వేడెక్కితే చప్పుడు తగ్గుతుంది. షాపులో మధ్యాహ్నం వినిపించకపోవడానికి కారణం ఇదే. నడుమ స్టిక్కరు లేపి ఒక్క చుక్క కుట్టుమిషను నూనె వేశాను. (కొబ్బరినూనె మాత్రం వేయకండి, చలికి గడ్డకడుతుంది.)

అసలు సంగతి ఆ తర్వాత బయటపడింది. ఫ్యాను నోరు మూశాక రెండు రోజులకు మా అమ్మాయి పక్కన కూర్చుని హోంవర్క్ చేసుకుంటూ "నాన్నా, ఇందులో గడియారం ఉందా?" అని అడిగింది. చెవి పెట్టి విన్నాను. టిక్... టిక్... కాసేపు ఆగి మళ్లీ టిక్. ఇన్నాళ్లూ నా ధ్యాసంతా ఆ గుర్రు మీదే ఉండి ఈ చప్పుడును పట్టించుకోలేదు. హార్డ్ డిస్కులో డేటాను చదివే హెడ్డు, చదవలేని చోటు తగిలినప్పుడు వెనక్కి వెళ్లి మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది, ఆ టిక్కు అదే. డిస్కు ఆరోగ్యం చూపించే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో ప్రోగ్రామ్ తెరిస్తే నీలం రంగులో 'గుడ్' అని ఉండాల్సిన చోట పసుపు రంగులో 'కాషన్' (జాగ్రత్త) అని ఉంది. చదవలేక పక్కన పెట్టిన సెక్టార్ల (డిస్కులోని చిన్న చిన్న గదుల) లెక్క సున్నా ఉండాలి, లేదు.

ఆ రాత్రి నేను పడుకోలేదు. పన్నెండేళ్ల పని అంతా అందులోనే ఉంది. డిస్కును స్కాన్లతో ఇంకా అలసిపోనివ్వకుండా, ముఖ్యమైన ఫోల్డర్లు ముందు, పాతవి తర్వాత బయటి డిస్కులోకి కాపీ చేశాను. నాలుగో రోజు అది పూర్తిగా ఆగిపోయింది. దాని స్థానంలో తిరిగే భాగాలు లేని సాటా ఎస్‌ఎస్‌డీ డిస్కు పెట్టాను.

ఈ డెస్క్‌టాప్ ఒక్కరోజు కూడా మొరాయించలేదని అందరికీ చెబుతుంటాను. 2018లో ఎస్‌ఎంపీఎస్ కాలిపోయి మార్చిన సంగతి కూడా కలిపి చెప్పాలి. నూనె చుక్క కూడా ఎండాకాలం దాటలేదు, జూన్‌లో కొత్త ఫ్యాను కొన్నాను.

అందరూ పాతదే ఉంచుకోండి అనలేను. ఈ ప్రాసెసర్‌కు విండోస్ 11 అధికారికంగా రాదు, విండోస్ 10కు మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి. నా పని పేజ్‌మేకర్, నెట్‌ అవసరం తక్కువ, బ్యాంకు పనులు ఫోన్‌లో చేసుకుంటాను కాబట్టి నాకు సరిపోతోంది. వీడియో ఎడిటింగ్ చేసేవాళ్ల సంగతి వేరు.

ఇప్పుడు గది ఎంత నిశ్శబ్దంగా ఉందంటే, రాత్రిళ్లు పేజీ పైకీ కిందికీ జరుపుతుంటే సన్నటి ఈల కూడా వినిపిస్తోంది. లోపలి కాయిల్ (తీగ చుట్ట) అదిరితే అలా వస్తుంది, దానివల్ల ప్రమాదమేమీ లేదు. అది మదర్‌బోర్డుదో ఎస్‌ఎంపీఎస్‌దో ఆదివారం మూత తీసి వింటాను. ఎస్‌ఎంపీఎస్‌ను మాత్రం విప్పను, ప్లగ్గు పీకాక కూడా దాని కెపాసిటర్లలో కరెంటు నిలిచి ఉంటుంది. బయటి నుంచి అట్ట గొట్టంతో వింటే చాలు.