ఇల్లు కొనేవారికి హెచ్చరిక: ఏజెంటు ఎవరి తరఫున పనిచేస్తున్నారో అడ్వాన్స్‌కు ముందే తేల్చుకోండి

ఇల్లు కొనే ప్రయత్నంలో ఉన్నవారు అడ్వాన్స్ చేతులు మారకముందే ఇది చదవాలని కోరుతున్నాను. మాకు ఇల్లు చూపించిన ఏజెంటు పేరును ఇక్కడ రాయడం లేదు. ఆయన వ్యవహరించిన తీరును మాత్రం వివరంగా చెబుతాను. అదే తీరు మరొకరి దగ్గర ఎదురైతే మీరు వెంటనే గుర్తుపట్టగలగాలి.

తాను పూర్తిగా మా తరఫునే పనిచేస్తానని, యజమానితో బేరమాడి ధర తగ్గించే బాధ్యత తనదేనని ఆయన మొదటే చెప్పి, మా దగ్గర కమీషన్ మాట్లాడుకున్నారు. మేము ఎంతవరకు పెట్టగలమో, బ్యాంకు ఎంత రుణానికి ఒప్పుకుందో, ఉన్న ఇంటిని ఎప్పటిలోగా ఖాళీ చేయాలో అన్నీ అడిగి తెలుసుకున్నారు. ఆ తరువాత యజమాని చెప్పిన ధర సరిగ్గా మా శక్తి ముగిసేచోట నిలబడి, ఎంత బేరమాడినా కిందికి దిగలేదు. అమ్మేవారి దగ్గర కూడా ఆయన కమీషన్ ఒప్పుకున్నారని, మా వివరాలన్నీ అటు చేరిపోయాయని చివరికి యజమాని మాటల్లోనే బయటపడింది. ఇరువైపులా కమీషన్ తీసుకోవడమే తప్పని నేను అనను. ఇద్దరికీ ముందుగా చెప్పి, ఇద్దరి సమ్మతితో అలా చేసేవారు ఉన్నారు. కానీ దాన్ని దాచి, ఒకరు నమ్మి చెప్పిన విషయాన్ని మరొకరికి చేరవేయడం నమ్మకద్రోహమే.

ధరలో శాతం చొప్పున కమీషన్ తీసుకునేవారికి బేరం త్వరగా ముగియడంలోనే లాభం ఉంటుంది. కమీషన్ 2 శాతం అయితే, ధరలో లక్ష తగ్గినప్పుడు కొనేవారికి లక్ష మిగులుతుంది, ఏజెంటుకు తగ్గేది 2 వేలే. అయినా ఆ తగ్గింపు కోసం మరికొన్నాళ్లు తిరగడానికి చాలామంది ఇష్టపడరు. షికాగో పరిసరాల్లో జరిగిన దాదాపు లక్ష ఇళ్ల అమ్మకాలను పరిశీలించి ఆర్థికవేత్తలు స్టీవెన్ లెవిట్, చాడ్ సైవర్సన్ 2008లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, ఏజెంట్లు తమ సొంత ఇళ్లను అమ్ముకునేటప్పుడు ఇతరుల ఇళ్లకన్నా సుమారు 9.5 రోజులు ఎక్కువ ఆగి, 3.7 శాతం ఎక్కువ ధర రాబట్టుకున్నారు. సొంత ఇంటికి చూపిన ఓపికను తమను నమ్ముకున్నవారి ఇంటికి చూపలేదన్నమాట.

మాకు ఇంతకన్నా ఎక్కువ బాధ కలిగించినది తనఖా సంగతి. అసలు దస్తావేజులు చూపమని అడిగిన ప్రతిసారీ ఆయన జిరాక్సు కాపీలే ఇచ్చి, మరొకరు అడ్వాన్స్ పట్టుకుని సిద్ధంగా ఉన్నారని తొందరపెట్టారు. అడ్వాన్స్ ఇచ్చిన తరువాత మా లాయరు ఆరా తీస్తే, ఆ దస్తావేజులు ఒక రుణసంస్థ దగ్గర కుదువలో ఉన్నాయని తెలిసింది. ఈ విషయం తనకు మొదటినుంచీ తెలుసని, రిజిస్ట్రేషన్ నాటికి తీరిపోతుందని చెప్పనవసరం లేదనుకున్నానని ఏజెంటు మాతోనే అన్నారు. అప్పటినుంచి ఫోన్ ఎత్తడం మానేశారు. అడ్వాన్స్‌లో కొంత భాగం తిరిగి వచ్చింది. మిగిలినదాని కోసం, కమీషన్ కోసం నోటీసు పంపించాము.

దస్తావేజులు అప్పగించి తీసుకునే కొన్ని రకాల రుణాలు రిజిస్ట్రేషన్ రికార్డుల్లో కనిపించకపోవచ్చు. అందువల్ల రికార్డులు శుభ్రంగా ఉన్నాయన్న మాటతో ఆగక, అసలు పత్రాలను మీ కళ్లతో చూడండి. అవి బ్యాంకులో ఉంటే బాకీ ఎంతో బ్యాంకు ఇచ్చే లేఖలోనే చూడండి. లాయరును మీరే పెట్టుకోండి, ఏజెంటు సూచించినవారిని కాదు. అడ్వాన్స్‌ను యజమాని ఖాతాకే పంపి, పత్రాల్లో లోపం బయటపడితే ఎన్ని రోజుల్లో తిరిగి ఇవ్వాలో ఒప్పందంలో రాయించండి. అవతలి పక్షం నుంచి కమీషన్ తీసుకుంటున్నారా, ఈ ఆస్తి మీద తనకు తెలిసిన అప్పులు, తగాదాలు ఏమైనా ఉన్నాయా అని ఏజెంటును రాతపూర్వకంగా అడగండి. నోటితో ఎంత ధీమాగా చెప్పినా సంతకం పెట్టడానికి వెనుకాడితే, ఆ రోజు అడ్వాన్స్ ఇవ్వకండి.