జుమ్మేరాత్ బజార్‌లో కొన్న పాత వస్తువులు: ఆరేళ్ళు వాడాక

హైదరాబాద్‌లో పురానాపూల్ దగ్గర ప్రతి గురువారం పొద్దున్నే ఒక సంత జరుగుతుంది. ఉర్దూలో జుమ్మేరాత్ అంటే గురువారం. అందుకే దాన్ని జుమ్మేరాత్ బజార్ అంటారు. నేల మీద పాత దుప్పటో, ప్లాస్టిక్ పట్టానో పరిచి సరుకు కుప్ప పోస్తారు. పానాలు, తాళాలు, స్విచ్చులు, బూట్లు, ఎవరి అటక మీంచో దిగిన గిన్నెలు, ఎప్పుడో ఆగిపోయిన గడియారాలు. 2019 నుంచి సెలవు దొరికిన గురువారమల్లా వెళ్తున్నాను. ఎర్రగడ్డలో ఆదివారం జరిగే సంతకు కూడా వెళ్తుంటాను కానీ నా మనసు మాత్రం పురానాపూల్ వైపే లాగుతుంది.

కొన్న రోజు ఏ వస్తువైనా బాగానే ఉంటుంది. అందుకని మొదటి ఏడాదే కొని, ఇప్పటికీ వాడుతున్న రెండు వస్తువుల గురించి చెబుతాను. మధ్యలో ఒక నష్టం గురించి కూడా.

ముందు వాచీ. హెచ్ఎంటీ జనతా, తెల్ల డయల్, లోపలి చక్రాలు అరగకుండా పెట్టే చిన్న రాళ్ళు 17, చేత్తో కీ ఇచ్చేది. ఆరు వందలు చెప్పి నాలుగు వందల యాభైకి ఇచ్చాడు. ఒకప్పుడు మన పెళ్ళిళ్ళలో అల్లుడికి సైకిలు, రేడియో, వాచీ పెట్టేవాళ్ళు. ఆ వాచీ చాలా ఇళ్ళలో హెచ్ఎంటీయే. జపాన్ సిటిజన్ కంపెనీ సాంకేతిక సాయంతో 1961లో బెంగళూరులో వీటి తయారీ మొదలైంది. 2016లో హెచ్ఎంటీ వాచీల కంపెనీని మూసెయ్యాలని కేంద్రం నిర్ణయించింది. ఆనాటి వాచీ కావాలంటే ఇంట్లో పెద్దవాళ్ళ పెట్టెలోనైనా వెతకాలి, ఇలాంటి సంతలోనైనా వెతకాలి.

కొన్నప్పుడు నడవలేదు. కోఠీలో ఒక చిన్న బల్ల వేసుకుని కూర్చునే పెద్దాయన దగ్గరికి తీసుకెళ్ళాను. వెనక మూత తీసి, కంటికి భూతద్దం పెట్టుకుని చూసి, "దీనికేమీ కాలేదు, నూనె ఎండిపోయింది అంతే" అన్నాడు. ప్రతి ముక్కా విప్పి, కడిగి, మళ్ళీ నూనె వేసి బిగించడానికి నాలుగు వందలు తీసుకున్నాడు. ఎదురుగా స్టూలు మీద కూర్చుని చూశాను. బ్యాలెన్స్ చక్రం అటూ ఇటూ ఊగడం మొదలైన ఆ క్షణం కోసం ఎన్నిసార్లయినా కోఠీ వెళ్తాను.

ఆరేళ్ళలో ఇది నాకేం చేసిందంటే, రోజుకు ఇరవై, ముప్ఫై సెకన్లు ముందుకు పోతుంది. వారానికోసారి ముల్లు సరిచేసుకుంటే చాలు. పొద్దున కాఫీ తాగాక ముప్ఫై సార్లు తిప్పితే కీ నిండుతుంది, మర్నాడు పొద్దుటి దాకా ఢోకా లేదు. కీ బిగుసుకున్నాక మాత్రం బలవంతంగా తిప్పకూడదు. సెకనుకు ఐదుసార్లు కొట్టుకుంటుంది, రాత్రి దిండు పక్కన పెడితే ఆ చప్పుడు సన్నగా వినిపిస్తుంది. అద్దం ప్లాస్టిక్ లాంటిది కాబట్టి తొందరగా గీతలు పడుతుంది. మెత్తని గుడ్డ మీద కాస్త టూత్‌పేస్ట్ వేసి రుద్దితే చాలావరకు పోతాయి. నీళ్ళకు మాత్రం దూరంగా ఉంచాలి. వానాకాలంలో నేను దీన్ని జేబులో, చిన్న ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుంటాను.

మూడో ఏట ఒకసారి ఉన్నట్టుండి గంటకు రెండు నిమిషాల చొప్పున ముందుకు పరుగెత్తింది. చాలా టెన్షన్ పడ్డాను. పెద్దాయన చేతిలోకి తీసుకుని, రాత్రుళ్ళు ఎక్కడ పెడుతున్నావని అడిగాడు. బ్లూటూత్ స్పీకర్ మీద. స్పీకర్లో ఉండే అయస్కాంతం వల్ల లోపల బ్యాలెన్స్ చక్రాన్ని ఊపే సన్నటి స్ప్రింగు చుట్లు ఒకదానికొకటి అంటుకున్నాయి. స్ప్రింగు పొట్టిదైనట్టే కదా, అందుకే చక్రం తొందర తొందరగా ఊగింది. చిన్న యంత్రం మీద పెట్టి ఆ అయస్కాంతం పోగొట్టాడు. రెండు నిమిషాల పని, డబ్బులు కూడా తీసుకోలేదు.

ఇది చదివి మీరూ హెచ్ఎంటీ కోసం బయల్దేరితే ఒక్కమాట. మెరిసిపోయే ఎరుపు, నీలం, ఆకుపచ్చ డయళ్ళతో కొత్తగా కనిపించేవి చాలావరకు మళ్ళీ రంగు వేసినవి. అక్షరాలు లావుగా, అంచులు చెదిరినట్టు ఉంటాయి. నేనూ ఒకచోట అలాంటిది కొన్నాను. ఇంటికొచ్చి తెరిస్తే లోపలి ముక్కలు మూడు వాచీల నుంచి తెచ్చి కలిపినవి. పాతబడి కాస్త పసుపెక్కిన డయల్ కనిపిస్తే అదే తీసుకోండి. వెనక మూత తీసి చూపించమని అడగండి. మంచి అమ్మకందారు విసుక్కోడు. తుప్పు లేకపోతే ధైర్యంగా కొనొచ్చు.

నష్టం రేడియో వల్ల వచ్చింది. చెక్కపెట్టెలో ఉండే పాత వాల్వు రేడియో, పద్దెనిమిది వందలు. నడుస్తుందని చెప్పి అమ్మారు. ఇంటికి తెచ్చి ఆత్రంగా ప్లగ్ పెట్టాను, నిమిషంలో పొగ వచ్చింది, ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది. ఏళ్ళ తరబడి వాడని రేడియోలో కెపాసిటర్లు పాడైపోతాయి, తెలిసినవాళ్ళు చూడకుండా కరెంటు ఇవ్వకూడదు. కరెంటుతో నడిచే పాత వస్తువు ఏదైనా ఇదే జాగ్రత్త.

ఇక ఇత్తడి తపేలా. ఇది కొనడానికి వెళ్ళలేదు, కాలికి తగిలింది. నల్లగా, మకిలి పట్టి, పాత ఇనుము మధ్యలో ఉంది. చేతికి తీసుకుంటే బరువు తెలిసింది. ఈ రోజుల్లో అంత మందంగా చేసినవి నాకైతే ఎక్కడా కనిపించలేదు. తూకానికే ఇచ్చాడు. ఇంటికొచ్చి చింతపండు, ఉప్పు వేసి తోముతుంటే మెడ దగ్గర చుక్కలు చుక్కలుగా అక్షరాలు బయటపడ్డాయి. పేరు చాలావరకు అరిగిపోయింది. చివర్న "మ్మ" అని, దాని కింద 1968 అని మాత్రం చదవగలిగాం. ఎవరి పెళ్ళికో పుట్టింటివాళ్ళు సారె పెట్టి పంపిన గిన్నె అయ్యుంటుంది.

మా అమ్మ చూసి, "పరాయివాళ్ళ పేరు మనింట్లో ఎందుకురా, అరగదీయించెయ్" అంది. నాకు మనసొప్పలేదు.

ఇత్తడిలో పులుపు వండాలంటే లోపల కళాయి ఉండాలి, లేకపోతే కిలుం వస్తుంది. కళాయి వేసేవాళ్ళు ఇప్పుడు తక్కువే కానీ బేగంబజార్ వైపు అడిగితే దొరుకుతారు. గిన్నెను బాగా కాల్చి, నవాసారం అనే ఒక రకం ఉప్పు చల్లి, తగరం ముక్క తాకించి దూదితో ఒక్క చుట్టు తిప్పుతారు. తెల్లటి పొగ లేస్తుంది, లోపలంతా వెండిలా మెరుస్తుంది. అసలైన తగరమే వెయ్యమని, సీసం కలపొద్దని ముందే చెప్పి, నమ్మకమైనవాళ్ళతోనే వేయించుకోవాలి. తగరం 232 డిగ్రీలకే కరుగుతుంది. అందుకని ఖాళీ గిన్నె పొయ్యి మీద పెట్టి మర్చిపోతే కళాయి పోయినట్టే. స్టీలు పీచు వాడకూడదు, కొబ్బరి పీచు చాలు. ఇంత జాగ్రత్తగా వాడినా ఆరేళ్ళలో నాలుగుసార్లు వేయించాను.

ఈ శ్రమకు తగ్గ ఫలితం ఉందా అంటే, ఉంది. ఇందులో పప్పు అడుగంటదు. సన్నని సెగ మీద పెడితే అంచుల దాకా ఒకేలా ఉడుకుతుంది. వండిన రెండు గంటల తర్వాత కూడా వెచ్చగానే ఉంటుంది. కుక్కర్ కంటే సమయం ఎక్కువ పడుతుంది కాబట్టి ఆఫీసు ఉన్న రోజుల్లో నా వల్ల కాదు. ఆదివారాలు, పండగలు మాత్రం పప్పు దీంట్లోనే.

ఇంట్లో ఈ గిన్నెకు ఎప్పుడు పేరు పడిందో తెలియదు కానీ, ఇప్పుడందరూ "అమ్మగారి గిన్నె" అనే అంటారు. మొన్న సంక్రాంతికి ముందు కళాయికి తీసుకెళ్తుంటే మా అమ్మ కూడా వచ్చింది. అతను గిన్నె అందుకుని పైన తోమబోతుంటే చెయ్యి అడ్డుపెట్టి, "ఆ మెడ దగ్గర గట్టిగా రుద్దకు నాయనా, అక్షరాలు పోతాయి" అంది.