రైజెన్ 5 5600జీ ఆన్‌బోర్డ్ గ్రాఫిక్స్: చాలాకాలం వాడాక

విజయవాడలో డీటీపీ, ఫ్లెక్సీ డిజైన్, పెళ్ళి ఆల్బమ్ పనుల కోసం అసెంబుల్ చేయించే సిస్టమ్‌లలో రైజెన్ 5 5600జీ తరచుగా కనిపించే ఏఎండీ కంపెనీ ప్రాసెసర్. 2021 ఆగస్టులో షాపుల్లోకి వచ్చింది. వేరే గ్రాఫిక్స్ కార్డు పెట్టకుండా, దీని లోపలున్న వేగా 7 అనే గ్రాఫిక్స్ మీదే ఆల్బమ్ షీట్లు, కోరెల్ ఫైళ్ళు, వీడియో ఎడిటింగ్ చాలాకాలంగా నడిపాక రాస్తున్న సమీక్ష ఇది. తీర్పు ముందే చెబుతాను. చిప్ మంచిది. అయితే దీని పనితనంలో సగం పక్కన కొనే ర్యామ్‌ని బట్టి ఉంటుంది. గవర్నర్‌పేటలో ఇచ్చే కొటేషన్ కాగితంలో అందరూ తేలిగ్గా దాటేసేది కూడా ఆ ర్యామ్ లైనే.

ముందు స్పెసిఫికేషన్‌లో ఉన్న అంకెలు చూద్దాం. ‘గ్రాఫిక్స్ కోర్లు 7, ఫ్రీక్వెన్సీ 1900 మెగాహెర్ట్జ్’ అని ఉంటుంది. ఈ 7ని ఎన్విడియా చిన్న గ్రాఫిక్స్ కార్డు జీటీ 1030 మీదుండే 384 కోర్లతో పోల్చి కంగారు పడేవాళ్ళు చాలామంది. రెండూ ఒకే లెక్క కాదు. ఏఎండీ ఇక్కడ కోర్ అని రాసింది కంప్యూట్ యూనిట్‌ని. ఒక్కో యూనిట్‌లో లెక్కలు చేసే చిన్న భాగాలు, అంటే షేడర్లు, 64 ఉంటాయి కాబట్టి మొత్తం 448. ఒక్కో షేడర్ క్లాక్‌కి రెండు లెక్కలు చేస్తుంది. 448 × 2 × 1900 మెగాహెర్ట్జ్ అంటే దాదాపు 1.7 టెరాఫ్లాప్స్, అంటే సెకనుకి 1.7 లక్షల కోట్ల లెక్కలు. ఇదే లెక్కన జీటీ 1030 సుమారు 1.1 దగ్గర ఆగిపోతుంది. అంటే లెక్కలు చేసే శక్తికి లోటేమీ లేదు.

మామూలుగా కాగితంలో రాయని అంకె ఒకటుంది, రాప్స్. పిక్సెల్‌ని చివరిగా మెమరీలో రాసే యూనిట్లు ఇవి. వేగా 7లో 8 మాత్రమే ఉన్నాయి, విడిగా కొనే జీటీఎక్స్ 1650 కార్డులో 32. 1080పీలో బాగానే నడిచిన గేమ్ ఇంకా ఎక్కువ పిక్సెల్స్ ఉండే 1440పీకి మార్చగానే చతికిలపడటానికి ఇదొక కారణం.

అంతకంటే పెద్ద కారణం మెమరీ బ్యాండ్‌విడ్త్. విడిగా కొనే కార్డుకి దాని మెమరీ దాని మీదే ఉంటుంది. ఆన్‌బోర్డ్ గ్రాఫిక్స్‌కి సొంత మెమరీ లేదు, సిస్టమ్ ర్యామే దిక్కు. ఆ ర్యామ్ నుంచి సెకనుకి ఎంత డేటా వస్తుందో మీరే లెక్కగట్టవచ్చు. డీడీఆర్4-3200 స్టిక్ ఒకటి పెడితే 3200 × 8 బైట్లు, అంటే సెకనుకి 25.6 జీబీ. రెండు స్టిక్‌లు రెండు ఛానెల్స్‌లో (ర్యామ్‌కీ ప్రాసెసర్‌కీ మధ్యనుండే డేటా దారుల్లో) పెడితే 51.2 జీబీ. అదే జీటీఎక్స్ 1650 జీడీడీఆర్5 మోడల్‌కి 128 జీబీ. పైగా ఇక్కడి 51.2లో ప్రాసెసర్ వాటా కూడా ఉంది. ఫోటోషాప్ ఫిల్టర్ ఒకటి నడుస్తుంటే ప్రాసెసరూ గ్రాఫిక్సూ ఒకే దారి మీద పోటీపడతాయి.

అందుకే 16 జీబీ స్టిక్ ఒక్కటి వేయడం ఈ ప్రాసెసర్‌కి చేయగలిగిన పెద్ద అన్యాయం. ‘ఇప్పుడొకటి వేయించండి, తర్వాత ఇంకొకటి పెంచుకోవచ్చు’ అని షాపులో సలహా ఇస్తారు. కార్డు ఉన్న సిస్టమ్‌కి ఆ మాట చెల్లుతుంది, దీనికి చెల్లదు. ఒకే స్టిక్‌తో గేముల్లో సెకనుకి తెర మీద మారే ఫ్రేములు మూడో వంతుకి పైగా పడిపోతాయి. ఆఫీసు పనిలో అంత కొట్టొచ్చినట్టు కనబడదు గానీ, ఫోటోషాప్‌లో పెద్ద షీట్‌ని జూమ్ చేస్తూ జరిపితే తెర తడబడుతుంది. 8 జీబీవి రెండు వేస్తే అదే డబ్బుకి దగ్గర్లోనే ఆ బాధ పోతుంది. రెండు స్టిక్‌లతో, తక్కువ సెట్టింగుల్లో, 1080పీలో వాలొరెంట్ 100 ఫ్రేములు దాటి నడుస్తుంది.

స్టిక్‌లు పెట్టే చోటు కూడా చూడాలి. నాలుగు స్లాట్ల మదర్‌బోర్డులో ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి రెండో స్లాట్, నాలుగో స్లాట్ వాడాలి. పక్కపక్కనున్న మొదటి రెంటిలో పెడితే రెండూ ఒకే ఛానెల్‌లో పడతాయి, సింగిల్ ఛానెల్ వేగమే వస్తుంది. పాత 4 జీబీ స్టిక్‌కి తోడు కొత్త 8 జీబీ పెడితే రెండు ఛానెల్స్ పనిచేసేది 8 జీబీ మేరకే, మిగిలిన 4 జీబీ సింగిల్‌గా నడుస్తుంది. రెండు స్టిక్‌ల వేగాలు వేరైతే తక్కువ వేగానికే రెండూ దిగుతాయి.

మరో మెలిక ఎక్స్ఎంపీ, అంటే ర్యామ్‌ని డబ్బా మీదున్న వేగంతో నడిపించే సెట్టింగ్. డబ్బా మీద 3200 అని ఉన్న స్టిక్‌లు కొన్ని, బయోస్‌లో (విండోస్ కంటే ముందు తెరుచుకునే బోర్డు సెట్టింగుల్లో) ఎక్స్ఎంపీ ఆన్ చేసేదాకా 2133 లేదా 2400 దగ్గరే ఉండిపోతాయి. కొన్ని బోర్డుల్లో దీన్నే డీఓసీపీ అని రాస్తారు. సిస్టమ్ ఇంటికొచ్చిన రోజే టాస్క్ మేనేజర్ తెరిచి, పెర్ఫార్మెన్స్‌లో మెమరీ మీద నొక్కండి. కుడివైపు కింద స్పీడ్, దాని దగ్గరే స్లాట్స్ యూజ్డ్ అని కనిపిస్తాయి. అక్కడ 2400, ‘2లో 1’ అని ఉంటే కొన్న గ్రాఫిక్స్‌లో చాలా భాగం వాడకుండా పడి ఉన్నట్టే. ఛానెల్ సంగతి మాత్రం సీపీయూ-జెడ్ అనే సాఫ్ట్‌వేర్‌లో మెమరీ ట్యాబ్‌లో చూడాలి.

ఎక్స్ఎంపీ ఆన్ చేశాక తెర క్షణం నల్లబడి తిరిగొస్తోందా? డిస్‌ప్లే డ్రైవర్ ఆగి మళ్ళీ మొదలైందని మెసేజ్ వస్తోందా? డ్రైవర్‌ని తిట్టుకునే ముందు ర్యామ్‌ని అనుమానించండి. ఆన్‌బోర్డ్‌లో ర్యామ్ అస్థిరత ముందుగా తెర మీదే బయటపడుతుంది. వేగం 2933కి దించి చూస్తే తేలిపోతుంది. అప్పటికీ ఆగకపోతే ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్86ని రాత్రంతా నడపాలి.

ఇక అందరూ మొదట అడిగేది: ‘ఎన్ని జీబీ గ్రాఫిక్స్?’ ఆన్‌బోర్డ్ విషయంలో బలాన్ని కొలవడానికి బొత్తిగా పనికిరాని అంకె అదే. బయోస్‌లో యూఎంఏ ఫ్రేమ్ బఫర్ సైజ్ అనే సెట్టింగ్ ఉంటుంది. అక్కడ 512 ఎంబీ పెడితే విండోస్ 512 ఎంబీ గ్రాఫిక్స్ అని చూపిస్తుంది, 4 జీబీ పెడితే 4 జీబీ అని చూపిస్తుంది. వేగం మాత్రం దాదాపు అంతే. ఎందుకంటే పక్కన పెట్టిన మెమరీ చాలకపోయినా, మిగిలిన ర్యామ్‌లో సగం దాకా షేర్డ్‌గా తీసుకునే వీలు గ్రాఫిక్స్‌కి ఎలాగూ ఉంది. 16 జీబీ సిస్టమ్‌లో 2 జీబీ పక్కన పెడితే విండోస్‌కి 14 కనిపిస్తుంది, అందులో షేర్డ్‌గా 7 దాకా రాసి ఉంటుంది.

అలాంటప్పుడు ఆ సెట్టింగ్ ఎందుకు ముట్టుకోవాలంటే, కొన్ని సాఫ్ట్‌వేర్లు డెడికేటెడ్ అని రాసున్న అంకె ఒక్కటే చూసి నిర్ణయం తీసుకుంటాయి. ఫోటోషాప్ కొత్త వెర్షన్లు కనీసం 1.5 జీబీ గ్రాఫిక్స్ మెమరీ అడుగుతాయి. కొన్ని గేములు తక్కువుంటే తెరుచుకోనే తెరుచుకోవు. అందుకని 16 జీబీ ర్యామ్‌కి 2 జీబీ, 32 జీబీకి 4 జీబీ పెట్టుకుంటే సరిపోతుంది. 8 జీబీయే ఉంటే 512 ఎంబీ దగ్గర వదిలేయండి. అందులోంచి 2 జీబీ తీసేస్తే విండోస్‌కి మిగిలేది 6, బ్రౌజర్ తెరిస్తేనే ఊపిరాడదు.

ఆల్బమ్ పని చేసేవాళ్ళు ఈ లెక్క ఒక్కసారి వేసుకోవాలి. 12 × 36 అంగుళాల కరిజ్మా షీట్ 300 డీపీఐలో అంటే 3600 × 10800 పిక్సెల్స్. 8 బిట్ ఆర్‌జీబీలో షీటంతా పరుచుకున్న లేయర్ ఒక్కటే దాదాపు 117 ఎంబీ. బ్యాక్‌గ్రౌండ్, టెక్స్చర్, ఫోటోలు, నీడలు కలిపి అలాంటివి పది లేయర్లయితే ఒక్క ఫైలే జీబీ దాటింది, హిస్టరీ ఇంకా దీనికి అదనం. వీళ్ళకి నా సలహా 16 జీబీవి రెండు, మొత్తం 32. పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో పుస్తకాలు, పత్రికలు కంపోజ్ చేసేవాళ్ళకి ఇందులో ఏదీ అక్కర్లేదు, వాళ్ళకి ఏ గ్రాఫిక్స్ అయినా ఒకటే. కోరెల్ కూడా ఎక్కువగా ప్రాసెసర్ మీదే ఆధారపడుతుంది.

తెరకి వెళ్ళే తీగ సంగతి ప్రాసెసర్ కాగితంలో ఉండదు, మదర్‌బోర్డు కాగితంలో వెతకాలి. ఇదే 5600జీని హెచ్‌డీఎంఐ 1.4 మాత్రమే ఉన్న పాత ఏ320 రకం బోర్డు మీద పెడితే 4కే మానిటర్ 30 హెర్ట్జ్ దగ్గరే ఆగిపోతుంది. మౌస్ పాయింటర్ కూడా ఈడ్చుకుంటూ కదులుతుంది. బీ550, ఏ520 బోర్డుల్లో చాలావాటికి 4కే 60 హెర్ట్జ్ వస్తుంది, అయినా బోర్డు మోడల్ పేజీలో ఆ ముక్క ఉందో లేదో చూసుకునే కొనండి. పాత మానిటర్‌కి వీజీఏ తీగ తగిలిస్తే అది బోర్డు మీదున్న కన్వర్టర్ చిప్ గుండా వెళ్ళే అనలాగ్ సిగ్నల్. తెలుగు అక్షరాల వొత్తులు, తలకట్లు కాస్త మసకబారతాయి. రోజంతా ప్రూఫ్ చూసే కళ్ళకి ఆ తేడా చిన్నది కాదు. పాత బోర్డయితే మరో మాట: బయోస్ కొత్తది ఎక్కించకుండా ఈ ప్రాసెసర్ పెడితే డిస్‌ప్లేయే రాదు.

వీడియోని కుదించి దాచే పద్ధతుల్ని కోడెక్‌లంటారు. ఆ విషయంలో దీనికి ఉన్న పెద్ద లోటు ఏవీ1. హెచ్.264, హెచ్.265 డీకోడ్, ఎన్‌కోడ్ రెండూ హార్డ్‌వేర్‌లో ఉన్నాయి. వీపీ9 డీకోడ్ ఉంది. ఏవీ1 లేదు. యూట్యూబ్ వీడియో మీద రైట్ క్లిక్ చేసి స్టాట్స్ ఫర్ నెర్డ్స్ తెరిస్తే కోడెక్ లైన్‌లో ఏవీ01 అని కనిపించిన వీడియోలన్నీ ప్రాసెసర్ మీదే నడుస్తున్నట్టు లెక్క. ఆరు కోర్లు ఉన్నాయి కాబట్టి ఆగదు గానీ ఫ్యాన్ మోత పెరుగుతుంది. యూట్యూబ్ సెట్టింగుల్లో ప్లేబ్యాక్ కింద ఏవీ1ని తక్కువ రిజల్యూషన్లకే పరిమితం చేసే ఆప్షన్ ఉంది, అది పెట్టుకోండి. వీడియోలు చూడటమే ప్రధానమైతే ఇంటెల్ ఐ3-12100లోని యూహెచ్‌డీ 730 ఈ ఒక్క విషయంలో మెరుగు, దానికి ఏవీ1 డీకోడ్ ఉంది.

వేడి గురించి మన ఊళ్ళలో వేరేగా మాట్లాడుకోవాలి. ప్రాసెసర్ కాగితంలో టీడీపీ (వేడి, కరెంటు లెక్క) 65 వాట్లని రాసి ఉన్నా బోర్డు మామూలుగా 88 వాట్ల దాకా లాగనిస్తుంది. ఆ 88 వాట్లు ప్రాసెసర్‌కీ గ్రాఫిక్స్‌కీ ఉమ్మడి. వీడియో ఎక్స్‌పోర్ట్‌లో ఒకటి ఎక్కువ తీసుకుంటే రెండోదానికి తగ్గుతుంది. గది వేడి 10 డిగ్రీలు పెరిగితే చిప్ వేడి కూడా ఇంచుమించు అంతే పెరుగుతుంది. చిప్ హద్దు 95 డిగ్రీలు. మే నెలలో ఏసీ లేని గదిలో, డబ్బాలో వచ్చే చిన్న కూలర్‌తో సుదీర్ఘమైన ఎక్స్‌పోర్ట్ పెడితే ఆ హద్దుకి చేరువై వేగం తగ్గించుకోవడం మొదలవుతుంది. బయోస్‌లో 45 వాట్ల మోడ్ ఉన్న బోర్డయితే వేసవిలో దానికి మార్చడం మేలు. డిజైన్ పనిలో తేడా పెద్దగా తెలియదు. కరెంటు పోయినప్పుడు మాత్రం ఈ తక్కువ వాడకం వరమే, మామూలు 600 వీఏ యూపీఎస్ మీద ఫైల్ సేవ్ చేసుకునే వ్యవధి ధారాళంగా ఉంటుంది.

గుంటూరులో, ముఖ్యంగా మిర్చి యార్డు వైపున్న షాపుల్లో, సన్నటి దుమ్ము కూలర్ రేకుల మధ్య పొరలా పట్టేస్తుంది. బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కని వేలితో పట్టుకోండి, గాలికి గిరగిరా తిరగనిస్తే బేరింగ్ దెబ్బతింటుంది. పేస్ట్ మార్చడానికి కూలర్ ఊడదీయాల్సి వస్తే సిస్టమ్‌ని ఓ పది నిమిషాలు పనిలో ఉంచి, తర్వాత ఆఫ్ చేసి తీగ పీకేసి, నాలుగు స్క్రూలూ ఎదురెదురుగా కొంచెం కొంచెంగా వదులు చేయాలి. ఆ తర్వాత కూలర్‌ని అటూ ఇటూ మెల్లగా తిప్పి పైకెత్తాలి. ఈ ప్రాసెసర్ కూర్చునే ఏఎం4 సాకెట్ రకంలో పిన్నులు ప్రాసెసర్‌కే ఉంటాయి. గట్టిపడిన పేస్ట్‌తో నిలువునా లాగితే ప్రాసెసర్ సాకెట్‌లోంచి ఊడి కూలర్‌తో పాటు వచ్చేస్తుంది, పిన్నులు వంగుతాయి.

పేర్లు చూసి మోసపోకండి. 5500, 5600 మోడళ్ళలో గ్రాఫిక్స్ లేదు, చివర జీ లేదా జీటీ ఉండాలి. ఇంటెల్‌లో చివర ఎఫ్ ఉంటే గ్రాఫిక్స్ లేనట్టు. రైజెన్ 5 7600లో ‘రేడియాన్ గ్రాఫిక్స్’ అని రాసి ఉన్నా అందులో కంప్యూట్ యూనిట్లు రెండే, తెర వెలగడానికి తప్ప గేములకి పనికిరాదు. లాప్‌టాప్ కొనేవాళ్ళకి ఇంటెల్ ఐరిస్ ఎక్స్ఈ ఒక మంచి పరీక్ష: ర్యామ్ సింగిల్ ఛానెల్‌లో ఉంటే అదే చిప్‌ని డివైస్ మేనేజర్ ఐరిస్ అని కాకుండా యూహెచ్‌డీ గ్రాఫిక్స్ అని చూపిస్తుంది.

మెషిన్ లెర్నింగ్ ప్రాజెక్టుల కోసం చూస్తున్న ఇంజనీరింగ్ విద్యార్థులు దీన్ని ఆశ్రయించవద్దు. ఆ పనులకి ఎక్కువగా వాడే కుడా (CUDA) అనే వ్యవస్థ ఎన్విడియా కార్డుల్లోనే ఉంటుంది. వేగా డ్రైవర్లు కూడా 2023 చివర నుంచి విడి శాఖలోకి వెళ్ళాయి, కొత్త గేములకి సర్దుబాట్లు రావడం తగ్గింది.

‘తర్వాత కార్డు పెడదాం’ అనుకుని కొనేవాళ్ళు ఒక్కటి గమనించాలి. బోర్డు బీ550 అయినా సరే 5600జీతో కార్డు స్లాట్ పీసీఐఈ 3.0గానే, అంటే 4.0లో సగం వేగంతోనే పనిచేస్తుంది. ఆర్ఎక్స్ 6500 ఎక్స్‌టీ లాంటి కార్డు వాడుకునేది ఆ స్లాట్‌లోని నాలుగు లేన్లే (డేటా దారులే). 4.0 స్లాట్‌లో చాలిన ఆ నాలుగు, 3.0కి వచ్చేసరికి సగం దారే ఇస్తాయి, కార్డు 4 జీబీ మెమరీ నిండినప్పుడల్లా ఫ్రేములు పడిపోతాయి. ఈ ప్రాసెసర్‌కి కార్డు కొంటే 16 లేన్లు వాడుకునేదే చూసుకోవాలి. పాత జీటీఎక్స్ 1650 అలాంటిదే, 75 వాట్ల మోడల్ తీసుకుంటే ఉన్న ఎస్ఎంపీఎస్ (పవర్ సప్లై) కూడా మార్చే పని ఉండదు.