ఆరేళ్లు వాడాక చెప్తున్నా: లైబ్రరీ స్ట్రీమింగ్ వీడియోలకు గడువు తేదీ చూపించరు

మా యూనివర్సిటీ లైబ్రరీ తీసుకున్న స్ట్రీమింగ్ వీడియో సర్వీసును ఆరేళ్లుగా క్లాసుల కోసం వాడుతున్నాను. సబ్‌టైటిళ్లు, క్లిప్పులు కత్తిరించుకోవడం, మాటల్ని బట్టి వెతకడం అన్నీ బాగానే ఉంటాయి, వాటి గురించి ఇక్కడ చెప్పబోవడం లేదు. నా గోలంతా ఒక్కటే. ఒక సినిమా మా దగ్గర ఎప్పటిదాకా ఉంటుందో ఆ పేజీలో ఎక్కడా రాయరు.

కిందటేడు సెమిస్టర్ చివర్లో, ఒక డాక్యుమెంటరీ చూసి ఆదివారం రాత్రికల్లా వ్యాసం పంపమని పిల్లలకు చెప్పాను. శనివారం సాయంత్రం ఒకమ్మాయి మెయిల్ పెట్టింది, మేడమ్, లింకు తెరుచుకోవట్లేదని. బ్రౌజర్ మార్చి చూడమ్మా అని పెద్ద తెలిసినట్టు జవాబిచ్చాను. గంటలో ఇంకో ఏడు మెయిళ్లు. అప్పుడు నేను తెరిచి చూస్తే, ఈ వీడియో మీ సంస్థకు అందుబాటులో లేదు అని ఒకే ఒక్క లైను. అంతకుముందు రోజు అర్ధరాత్రితో లైసెన్స్ అయిపోయిందట. మూడేళ్లుగా నేను అందులో కత్తిరించి పెట్టుకున్న పద్నాలుగు క్లిప్పులు కూడా దాంతోపాటే పోయాయి. అద్దె కొంపకు రంగులు వేయించుకున్నట్టయింది నా పని.

సోమవారం పొద్దున్నే లైబ్రేరియన్ దగ్గరికి కోపంగానే వెళ్లాను. ఆయన పాపం ఓపిగ్గా చెప్పారు. డీవీడీ కొంటే ఆ డిస్కు లైబ్రరీ సొంతం, అమెరికా కాపీరైట్ చట్టంలో సెక్షన్ 109 ప్రకారం అది అరిగిపోయేదాకా ఎంతమందికైనా ఇవ్వొచ్చు. స్ట్రీమింగ్‌లో కొనేదేమీ లేదు, ఒక ఏడాదికో మూడేళ్లకో అనుమతి మాత్రమే, ఒప్పందంలో ఏం రాసుంటే అదే. పైగా, "ఇది మేం ఎంచుకున్నది కాదండీ, మీరే ఎంచుకున్నారు" అన్నారు. కేటలాగులో అన్నీ కనిపిస్తాయి కానీ వాటన్నిటికీ డబ్బు కట్టి ఉండరట. ఒక సినిమాను కొంతమంది కాసేపు చూడగానే లైసెన్స్ దానంతటదే మొదలై బిల్లు లైబ్రరీకి వెళ్తుంది. అంటే మూడేళ్ల కింద నా నలభై మంది పిల్లలు ఒకే రాత్రి నొక్కిన నొక్కుళ్లకు వచ్చిన బిల్లన్నమాట. అలా బడ్జెట్ ఖాళీ అవుతోందని ఇప్పుడు ఫారం నింపి అడిగితేనే ఇస్తున్నారు, పాత లైసెన్సులు కూడా ఎవరైనా అడిగితే తప్ప పొడిగించడం లేదు. ఇది విన్నాక నా కోపం సగం చల్లారింది, మిగతా సగం ఆ తేదీ చూపించని పేజీ మీద ఇప్పటికీ ఉంది.

అసలు విషయం తర్వాత తెలిసింది. అదే సినిమా డిస్కు కింది అంతస్తులో ఉంది! ఆ డిస్కుల అల్మారా తీసేద్దామని రెండేళ్ల కింద జరిగిన మీటింగులో చెయ్యెత్తినవాళ్లలో నేనూ ఉన్నాను, ఇప్పుడు ఒప్పుకోవడానికి కాస్త సిగ్గుగానే ఉంది. దాన్ని కాపీ చేసి కోర్సు పేజీలో పెట్టేద్దామా అంటే కుదరదన్నారు. కాపీ చేయకుండా డిస్కుకు వేసిన డిజిటల్ తాళం విప్పడం డీఎంసీఏ అనే 1998 కాపీరైట్ చట్టం ప్రకారం తప్పు. పాఠానికి చిన్న ముక్కలు తీసుకోవడానికి మినహాయింపు ఉంది కానీ సినిమా మొత్తానికి లేదు. ఆన్‌లైన్ పాఠాల కోసం 2002లో తెచ్చిన టీచ్ యాక్ట్ కూడా ఇలాంటి వీడియోల్లో కొంత భాగం వరకే ఒప్పుకుంటుంది. అదే క్లాసులో నేను ఎదురుగా ఉండి చూపిస్తే మాత్రం కాపీరైట్ చట్టం సెక్షన్ 110(1) కింద మొదట్నుంచి చివరిదాకా వేయొచ్చు, ఎవరినీ అడగక్కర్లేదు. క్లాసులో కంప్యూటరుకు డిస్కు పెట్టే చోటే లేదు, దానికీ ఆయనే ఒక డ్రైవ్ అరువిచ్చారు. మంగళవారం యాభై రెండు నిమిషాలు అందరం కలిసి చూశాం. ఇంట్లో ఒక్కొక్కళ్లు రెట్టింపు స్పీడులో చూసి రాసే వ్యాసాలకీ, ఇలా కలిసి చూశాక రాసినవాటికీ తేడా తెలిసింది. వెనక బెంచీలో ఇద్దరు ఫోన్లు చూసుకున్నారు, అది వేరే సంగతి.

ఇలా అన్నానని డిస్కే గొప్పదని కాదు. అదే డిస్కును సాయంత్రం ఫిల్మ్ క్లబ్‌లో వేస్తామంటే అది క్లాసు కిందికి రాదు, ప్రదర్శన హక్కులు విడిగా కొనాలి. మా స్ట్రీమింగ్ సర్వీసులో చాలా సినిమాలకు అవి లైసెన్సులోనే కలిసి వస్తాయి, కాబట్టి క్లబ్బువాళ్లకు ఇదే మేలు. ఇక పూర్తిగా ఆన్‌లైన్‌లో చెప్పేవాళ్లకు నా డిస్కు కథ దేనికీ పనికిరాదు.

నాకు నలభై మందే, లైబ్రేరియన్ అడిగిన రోజే జవాబిస్తారు, అందుకని ఈ సర్వీసు వదలట్లేదు. ఐదుకి మూడు మార్కులు అనుకోండి, ఆ మూడులో ఒకటి నిజానికి లైబ్రేరియన్‌ది. ఇప్పుడు సెమిస్టర్ మొదలవకముందే నా జాబితా పంపి ఒక్కోదానికి గడువు అడుగుతున్నాను. ఈసారి తొమ్మిదింటిలో మూడు మార్చిలో అయిపోతున్నాయి. అందులో ఒకటి డిస్కుగా అసలు రాలేదట, దాన్ని నాలుగో వారానికి జరిపేశాను.